ఐజాక్ వాల్టను చరిత్రము

ఇంగ్లండు దేశమున స్టాఫర్డు అను పట్టణమునందు 1593 వ సంవత్సరమున ఐజాక్ వాల్టను జన్మించెను. నాలుగవ యేడు నిండకమునుపే తండ్రి గతించెను. సామాన్య కుటుంబమున పుట్టిన యీ బాలునకు విశ్వవిద్యాలయమున చదువు భాగ్యము కలుగలేదు. యౌవనారంభమున లండను నగరమునకు పోయి, బట్టల వర్తకునియొద్ద పని నేర్చుకొని, 1618 వ సంవత్సరమున వర్తక సంఘములో చేర్చుకొనబడెను. ఆయన నివసించిన పేటలోని దేవాలయమునకు గురువుగా నుండిన జాన్ డన్ అను మహాకవి ఆయనకు మిత్రుడయ్యెను. డన్ మరణించిన పిమ్మట వాల్టను వ్రాసిన ఆయన జీవితము 1640 లో అచ్చుపడెను. తరువాత మరి నలుగురు సజ్జనుల జీవితములను గూడ ఆయన రచించెను. కళాశాల మెట్టెక్కని వర్తకుడు ఇంగ్లీషు భాషలో జీవితచరిత్రలు వ్రాసిన తొలి ప్రముఖులలో నొకడగుట మన విద్యార్థులు గమనింపదగిన విషయము.

ఆయన గృహజీవితము మాత్రము కన్నీటితో నిండియుండెను. 1626 లో ఆయన వివాహమాడిన రేచెలమ్మకు ఏడుగురు బిడ్డలు పుట్టి, ఒక్కరును దక్కక బాల్యముననే పోయిరి. 1640 లో ఆమెయు మరణించెను. రెండేండ్లు గడువకమునుపే రాజునకును పార్లమెంటునకును యుద్ధము ప్రారంభమయ్యెను. 1649 లో మొదటి చార్లెసు రాజు శిరచ్ఛేదమునకు గురియయ్యెను. రాజపక్షమువాడైన వాల్టనుకు ఆప్తులైన గురువులు పలువురు తమ పదవులనుండి తొలగింపబడిరి. అన్నదమ్ములే కత్తులు దూసుకొనిన ఆ కాలమున, ఆయన ఎవ్వరిని దూషింపక, గాలపు కర్ర చేతబట్టుకొని యేటి గట్లకు పోవుచుండెను. అట్లు పోయి తెచ్చుకొనిన మనశ్శాంతినుండియే 1653 లో ఆయన ప్రఖ్యాత గ్రంథమగు కంప్లీట్ ఆంగ్లరు వెలువడెను. గాలము వేయు విద్యలో పరిపూర్ణుడని ఆ పేరునకు అర్థము.

గాలము వేయువాడు, వేటకాడు, డేగలతో పక్షులను పట్టువాడు త్రోవలో కలిసికొని, ఎవరి విద్యను వారు పొగడుకొనుటతో 1655 నాటి రెండవ కూర్పు ఆరంభమగును. లండనునకు ఉత్తరముననున్న లీ నది యొడ్డున వారు నడచుచు, చేపలను గూర్చియు, ఎరలను గూర్చియు, దైవము చేసిన సృష్టిని గూర్చియు మాటలాడుకొందురు. ప్రభువు తన శిష్యులలో నలుగురిని జాలరులనుండి యేర్పరచుకొనెనని వాల్టను ఆ గ్రంథమున సంతోషముతో జ్ఞాపకము చేయును.

ఆ దేశపు యేళ్లలో ట్రౌటు అను చుక్కల చేప యున్నది. అది నీటిపై వ్రాలు ఈగలను, పురుగులను తినును. గాలపు ముల్లునకు ఈకలను, ఉన్నిని, పట్టుదారమును చుట్టి, ఈగవలె కనబడునట్లు చేసి, నీటిపై మెల్లగా వ్రాల్చి దానిని పట్టుట ఒక గొప్ప విద్య. ఇందు మిక్కిలి కష్టమైనది వేసవి ముగియు కాలము. మన గోదావరి, కృష్ణలు ఆగష్టు మాసమున వరదలతో పొంగుచుండగా, ఇంగ్లండులో ఆ దినములలో యేళ్లు సన్నగిల్లి అద్దమువలె తేటపడును. చేప మనుష్యుని నీడను చూచినంతనే పారిపోవును. నీరు వెచ్చబడుకొలది అందు కరగియుండు ప్రాణవాయువు తగ్గును. కనుక ట్రౌటులు చల్లని యూటలయొద్దకును, చెట్ల నీడలకును, రాళ్లపై వడిగా పారు నీటికిని చేరుకొనును. చెరువులలోనైన చల్లదనము కొరకు లోతులకు దిగిపోవును. ఉదయ సాయంకాలములయందే మేతకు బయలుదేరును. అట్టి కాలమున బలమును, తొందరయు పనికిరావు.

వాల్టను ఎరతో చేపలు పట్టుటలో నిపుణుడు. ఈగతో పట్టు విద్యలో తనకంటె మించినవారున్నారని యెరిగి, మొదటి కూర్పునందు థామసు బార్కరు అను వంటవాని యనుభవమును ఆధారము చేసికొనెను. వృద్ధాప్యమున అంతకంటె గొప్ప పని చేసెను. చార్లెసు కాటను అను కవి ఆయనకంటె 37 ఏండ్లు చిన్నవాడు, అప్పులపాలైన జమీందారు. అయినను ఈగతో గాలము వేయుటలో ఆతనికి సాటి లేరు. సున్నపురాతి కొండల నడుమ పారు డవ్ నది గట్టున కాటను 1674 లో ఒక చిన్న గృహము కట్టించి, ద్వారముపై తన పేరులోని మొదటి అక్షరములను, వాల్టను పేరులోని మొదటి అక్షరములను పెనవేసి చెక్కించెను. ఆ గృహము నేటికిని నిలిచియున్నది. 1676 లో తన గ్రంథపు అయిదవ కూర్పు వెలువడునపుడు, 83వ యేట నున్న వాల్టను, తేట నీటిలో ట్రౌటును పట్టు విధమును వ్రాయు భారమును ఈ చిన్నవానికి అప్పగించి, ఆతని రచనను తన గ్రంథమునకు రెండవ భాగముగా చేర్చెను.

కాటను బోధ సులభముగా గ్రహింపదగినది. యేటికి దూరముగా నిలువవలెను. గుఱ్ఱపు వెండ్రుకలతో పేనిన త్రాడు చివర రెండు వెండ్రుకలంత సన్నముగా నుండవలెను. ఏ మాసమున ఏ ఈగ యెగురునో కనిపెట్టి అట్టి దానినే కట్టవలెను. ఆతడు పండ్రెండు మాసములకును వేర్వేరుగా ఈగల పట్టిక వ్రాసెను. ఆగష్టు పట్టికలో రెక్కల చీమను పోలినదియు, పొడుగు కాళ్ల ఈగను పోలినదియు కలవు. నీరు మిక్కిలి వెచ్చనైన దినములలో పట్టి విడిచిన ట్రౌటు కూడ అలసి చచ్చునని నేటివారు తెలిసికొని, అట్టి దినములలో గాలము వేయుటయే మానుచున్నారు. ఎప్పుడు వేయవలెనో తెలియుట యెంత విద్యయో, ఎప్పుడు మానవలెనో తెలియుటయు అంత విద్యయే.

వాల్టను రెండవ భార్య ఆన్ 1662 లో మరణించెను. ఆమె బిడ్డలలో ఒక కుమార్తెయు, ఒక కుమారుడును బ్రతికిరి. చివరి సంవత్సరములలో ఆయన తన మిత్రుడగు మార్లే బిషప్పుగారి యొద్దను, కుమార్తె యింటను కాలము గడపెను. 1683 లో వ్రాసిన మరణశాసనమున స్టాఫర్డు సమీపముననున్న తన భూమిని ఆ పట్టణమునకు విడిచెను. దాని ఆదాయముతో పేద బాలురకు వృత్తి నేర్పింపవలెననియు, ఒక పనికత్తె వివాహమునకు సహాయము చేయవలెననియు, చలి ముదిరిన దినములలో బీదలకు బొగ్గులు పంచవలెననియు ఆయన కోరెను. తండ్రిలేని బాల్యమును ఆయన మరువలేదని దీనివలన తెలియుచున్నది. ఆ సంవత్సరము డిసెంబరు 15 వ తేదీన వించెస్టరులో, 90 ఏండ్లు నిండినవాడై, ఆయన దేహము విడిచెను. అచ్చటి ప్రధాన దేవాలయమున ఆయన సమాధి యున్నది. దానికి పైగా నున్న రంగుటద్దముల కిటికీని ఇంగ్లండు, అమెరికా దేశముల గాలమువారు 1914 లో అమర్చిరి.

ఓర్పు అనగా చేతులు ముడుచుకొని కూర్చుండుట యని కొందరు తలంతురు. యేరు సన్నగిల్లిన దినమున గాలము వేయువాడు ఊరక కూర్చుండడు. నీటిని చూచును, దూరముగా నిలుచును, త్రాడును సన్నము చేయును, సంధ్యవేళకై కాచుకొనియుండును. ఏడుగురు బిడ్డలను పాతిపెట్టిన వాల్టనును తన జీవితమున అట్లే మెలగెను. దుఃఖము వచ్చినపుడు పనిని విడువలేదు, ద్వేషము వ్యాపించినపుడు స్నేహమును విడువలేదు, తనకంటె తెలిసిన చిన్నవాడు కనబడినపుడు వానికి తన గ్రంథమున చోటిచ్చుటకు సిగ్గుపడలేదు. పరీక్షలలోను, కుటుంబములలోను నీరు తగ్గిన దినములు మనకును వచ్చును. అట్టి దినములలో మా విద్యార్థులు ఈ బట్టల వర్తకుని జ్ఞాపకము చేసికొందురుగాక యని మేము కోరుచున్నాము.