ద్వారం వెంకటస్వామినాయుడు

రాయచూరు జిల్లాలో దాసుల కీర్తనలు వినని ఊరు అరుదు. చీకలపర్విలో పుట్టిన విజయదాసు, మాన్వి జగన్నాథదాసు రచించిన పాటలను ఇక్కడ పండితులే కాదు, అక్షరం రాని ముదుసలులు కూడా పాడతారు. వాళ్ళెవరూ పుస్తకంలో స్వరాలు చూసి నేర్చుకోలేదు. అమ్మ పాడుతుంటే విన్నారు, తిరిగి పాడారు. ఇలా చెవితో పట్టుకొన్న విద్యను తెలుగులో శ్రుతపాండిత్యం అంటారు.

పాట సంగతి సరే, వాద్యాన్ని కూడా ఇలా నేర్చుకోవచ్చునా? హార్మోనియం గాని, పియానో గాని అయితే కొంత సులభమే. ఒక్కొక్క స్వరానికి ఒక్కొక్క మెట్టు ఉంటుంది. విన్న పాటలోని స్వరం దొరికేదాకా మెట్లమీద వేళ్ళతో వెదకవచ్చు. ఏ మెట్టు ఎన్నిసార్లు నొక్కినా అదే స్వరం పలుకుతుంది. ఫిడేలు అటువంటిది కాదు. దానికి నాలుగు తంత్రులు మాత్రమే ఉంటాయి. వీణకు ఉన్నట్లు మెట్లు ఉండవు. వేలు రవ్వంత పక్కకు జరిగితే అపస్వరం పలుకుతుంది. సరైన చోటు ఇదేనని చెప్పవలసింది చెవి ఒక్కటే. చూపు మందగించిన ఒక బాలుడు ఈ కష్టమైన వాద్యాన్నే చేపట్టి, దక్షిణ దేశమంతా పేరు పొందాడు. ఆయనే ద్వారం వెంకటస్వామినాయుడు గారు.

నాయుడుగారు 1893 నవంబరు 8న దీపావళినాడు బెంగుళూరులో జన్మించారు. తండ్రి సైన్యంలో ఉద్యోగి. వారి కుటుంబం విశాఖపట్నంలో స్థిరపడింది. బాల్యం అక్కడే గడిచింది. చిన్ననాటినుంచీ ఆయనకు చూపు తక్కువ. బడిలో చదువు సాగలేదు. ఆ రోజులలో చదువు ఆగిపోయిన పిల్లవానికి, అందులోనూ కళ్ళు సరిగా కనబడనివానికి, బ్రతుకుతెరువు చూపడం పెద్దలకు చిన్న సమస్య కాదు. అన్నగారు వెంకటకృష్ణయ్యకు ఫిడేలు వచ్చు. తమ్మునికి ఆయనే తొలి గురువయ్యారు.

అన్నగారు చూపింది దారి మాత్రమే. ఆ తరువాతి సాధన అంతా నాయుడుగారిదే. విన్నది మనస్సులో నిలుపుకోవడం, దానిని తంత్రిమీద వెదకడం, దొరికినదాన్ని మళ్ళీ మళ్ళీ వాయించి సరిచూసుకోవడం, ఇదే ఆయన పాఠం. పెద్ద విద్వాంసుల కచేరీలు శ్రద్ధగా వినేవారు. గ్రామఫోను రికార్డులు వచ్చిన తరువాత పాశ్చాత్య విద్వాంసుల ఫిడేలు కూడా విన్నారు. ఫిడేలు మొదట మనది కాదు. పాశ్చాత్యుల దగ్గరనుంచి వచ్చింది. ముత్తుస్వామి దీక్షితుల తమ్ముడు బాలుస్వామి దీక్షితులు మద్రాసులో ఒక ఐరోపా విద్వాంసుని వద్ద నేర్చుకొని, దానిని మన సంగీతానికి మలచినవారిలో మొదటివాడు. అక్కడివారు నిలబడి వాయిస్తే మనవారు నేలమీద కూర్చుండి, ఫిడేలు కొనను కుడిపాదంమీద ఆనించి వాయిస్తారు. రాగం మనదే అయినా, కమాను ఎలా నడపాలో, నాదం తెగకుండా ఎలా లాగాలో పాశ్చాత్యులనుంచి నేర్చుకోదగినది ఉందని నాయుడుగారు గ్రహించారు. మంచి ఎక్కడ వినబడినా స్వీకరించడానికి ఆయన వెనుదీయలేదు. ఆయన కమాను లాగితే గొంతు పలికినట్లే ఉండేదని విన్నవారు చెప్పుకొనేవారు.

1919లో విజయనగరంలో సంగీత కళాశాల ఏర్పడింది. దాని వెనుక ఒక చక్కని కథ ఉంది. చూపులేని ఒక బాలునికి సంగీతం నేర్పించాలన్న తలంపుతో మహారాజు విజయరామ గజపతి ఆ కళాశాలను నెలకొల్పారట. హరికథా పితామహుడు ఆదిభట్ల నారాయణదాసు దానికి మొదటి అధ్యక్షులు. అక్కడ విద్యార్థిగా చేరాలని నాయుడుగారు వెళ్ళారు. అప్పటికి ఆయన వయస్సు ఇరవై ఆరేళ్ళు. ప్రవేశంకోసం ఆయన ఫిడేలు వాయించగా విన్న పెద్దలు ఆశ్చర్యపోయారు. ఇతనికి నేర్పవలసినది ఏమీ లేదని, ఇతనే ఇతరులకు నేర్పగలడని నిశ్చయించి, ఆచార్య పదవి ఇచ్చారు. పాఠం చెప్పించుకోవాలని వెళ్ళిన మనిషి పాఠం చెప్పే కుర్చీలో కూర్చున్నాడు. నారాయణదాసుగారి తరువాత 1936లో ఆయనే ఆ కళాశాలకు అధ్యక్షులయ్యారు. సినీ గాయకుడు ఘంటసాల వెంకటేశ్వరరావు ఆ కళాశాలలో చదివినవారే.

ఆ కాలంలో ఫిడేలుకు కచేరీలో పక్క స్థానమే ఉండేది. గాయకుడు పాడుతుంటే ఫిడేలు వాయించేవాడు వెన్నంటి పోవాలి. గాయకుడు అప్పటికప్పుడు అల్లిన సంగతిని విని, మరుక్షణంలో తంత్రిమీద పలికించాలి. ముందుగా చూసుకోవడానికి కాగితమేదీ ఉండదు. నిజానికి ఇది రోజూ సభలో జరిగే చెవి పరీక్ష. ఈ పక్కవాద్యంలో నాయుడుగారికి గొప్ప పేరు వచ్చింది. అయినా అంతటితో ఆయన తృప్తిపడలేదు. గాయకుడు లేకుండా ఫిడేలు ఒక్కటే రెండు మూడు గంటలు సభను కూర్చోబెట్టగలదని ఆయన నమ్మారు. మాటలు లేని కీర్తనను జనం వింటారా అని శంకించడం సహజమే. 1938లో వేలూరులో ఆయన తొలి సోలో కచేరీ చేశారు. నేడు ఫిడేలు కచేరీ అంటే మనకు వింతగా తోచదు. ఆ దారి ఏర్పరచినవారిలో ఆయన ముఖ్యులు.

1941లో మద్రాసు సంగీత అకాడమీ ఆయనకు సంగీత కళానిధి బిరుదు ఇచ్చింది. ఆంధ్ర విశ్వకళాపరిషత్తు కళాప్రపూర్ణ బిరుదుతో, కేంద్ర సంగీత నాటక అకాడమీ 1953లో పురస్కారంతో, భారత ప్రభుత్వం 1957లో పద్మశ్రీతో గౌరవించాయి. 1952లో మన దేశానికి వచ్చిన ప్రపంచ ప్రఖ్యాత ఫిడేలు విద్వాంసుడు యెహుదీ మెనూహిన్ నాయుడుగారి వాద్యాన్ని విని ముగ్ధుడయ్యారు. ఏ పాశ్చాత్యుల రికార్డులను విని ఆయన మెళకువలు పట్టుకొన్నారో, ఆ సంప్రదాయానికి చెందిన మహావిద్వాంసుడే ఎదుట కూర్చుండి ఆయన ఫిడేలు విన్నాడు.

అదే 1952లో నాయుడుగారు ఢిల్లీలో అంధుల సహాయార్థం కచేరీ చేసి నిధి సేకరించి ఇచ్చారు.

1964 నవంబరు 25న ఆయన కన్నుమూశారు. కుమార్తె మంగతాయారు తండ్రి విద్యను చేపట్టి ఫిడేలు విదుషీమణిగా పేరుపొందారు. 1993లో ఆయన శతజయంతి సందర్భంగా తపాలాశాఖ ఆయన బొమ్మతో తపాలా బిళ్ళను విడుదల చేసింది. ఆయన వాయించిన రికార్డులు కొన్ని మిగిలి ఉన్నాయి. అవి వింటున్నప్పుడు పాట మాటలు లేకపోయినా, తెలిసిన కీర్తన అయితే వినేవారి పెదవులమీద ఆ మాటలు వాటంతట అవే కదులుతాయి.