నల్ల బెల్టు ఇచ్చినాయన – గిచిన్ ఫునకోషి జీవితం



ఈ నెల గోడపత్రికలో నేను ఒక మహానుభావుని జీవిత చరిత్ర రాస్తున్నాను. ఎప్పుడూ మన దేశ నాయకుల గురించే రాస్తాం కదా, ఈసారి జపాన్ దేశపాయన గురించి ఎందుకంటే దానికి కారణం ఉంది. పోయిన నెల కరాటే బెల్టు పరీక్షకు పేర్లు ఇమ్మన్నారు. పరీక్ష ఫీజు, కొత్త బెల్టు డబ్బులు ఇంటి నుంచి తెచ్చుకోవాల. ఈ ఏడు వాన రాక మా శెనక్కాయ చేను ఎండిపోయింది. అమ్మ, నాయన బెంగుళూరుకు పనికి పోయినారు. అందుకని నేను పేరు ఇయ్యలేదు. నాతో పాటు ఇంకా నలుగురు ఇయ్యలేదు. వాళ్ళలో ఇద్దరు ఇంగ కరాటేకే రామని మానుకున్నారు. బెల్టే రానప్పుడు తెల్లారకుండానే లేచి ఎందుకు చేయాలని వాళ్ళు అడిగినారు. నాకూ అట్లనే అనిపించింది. అప్పుడు మా కరాటే మాస్టారు ఈయన గురించి చెప్పినారు. తర్వాత నేను పుస్తకంలో కూడా చదివినాను. ఆ రెండూ కలిపి రాస్తున్నాను.

గిచిన్ ఫునకోషి 1868వ సంవత్సరంలో ఒకినావా దీవిలో షురి అనే ఊర్లో జన్మించారు. ఒకినావా ఇప్పుడు జపాన్ దేశంలో ఉంది గానీ, అప్పట్లో అది ర్యుక్యు అనే చిన్న రాజ్యం. 1879లో జపాన్ ఆ రాజ్యాన్ని పూర్తిగా తనలో కలుపుకుంది. అక్కడివాళ్ళ భాష వేరే, కట్టుబాట్లు వేరే. ఇంట్లో ఒక మాట, బళ్ళో ఇంకో మాట. మా తండా నుంచి వచ్చి ఒకటో తరగతిలో తెలుగు అర్థం కాక నేను ఏడ్చిన సంగతి ఇది చదువుతుంటే గుర్తుకొచ్చింది.

ఆయన నెలలు నిండకుండా పుట్టినారు. శానా బలహీనంగా ఉండేవారు. ఈ పిల్లోడు ఎక్కువ రోజులు బతకడని పెద్దవాళ్ళు అనుకున్నారు. అమ్మ తరపు అవ్వా తాతల దగ్గర పెరిగినారు. బళ్ళో ఆయనకు ఒక స్నేహితుడు ఉండేవాడు. ఆ స్నేహితుని నాయనే అజాతో అంకో. ఒకినావాలో కరాటే బాగా తెలిసిన పెద్దల్లో ఒకరు. అట్ల ఫునకోషికి మొదటి గురువు దొరికినారు. అజాతో గారి స్నేహితుడు ఇతోసు అంకో రెండో గురువు.

ఆ రోజుల్లో కరాటేను ఎవరికీ కనపడకుండా నేర్చుకునేవాళ్ళు. బోర్డు లేదు, హాలు లేదు, యూనిఫాం లేదు. గురువు గారి ఇంటి పెరట్లో రాత్రిపూట నేర్పేవారు. ఫునకోషి చేతిలో లాంతరు పట్టుకొని చీకట్లో నడుచుకుంటా పోయి, తెల్లవారబోతుండగా ఇంటికి వచ్చేవారు. రోజూ రాత్రుళ్ళు యాడికి పోతున్నాడో అని ఇరుగుపొరుగువాళ్ళు తప్పుగా అనుకున్నారంట. అయినా ఆయన నిజం చెప్పలేదు, పోవడం మానలేదు.

నేర్పడం కూడా ఎట్లంటే, ఒకే కటాను నెలల తరబడి చేయించేవారు. కటా అంటే ఏందో తెలియని చిన్న తరగతి చెల్లెళ్ళ కోసం చెబుతున్నాను. ఎదురుగా శత్రువు లేకపోయినా ఉన్నట్టు అనుకొని, వరస తప్పకుండా వేసే అడుగులు, దెబ్బలు, అడ్డుకోవడాలు కలిపితే కటా. ఆయన చేస్తుంటే గురువు గారు అరుగు మీద కూర్చొని చూసేవారు. బాగుందని అనేవారు కాదు. మళ్ళా చేయమనేవారు. గురువుకు తృప్తి కలిగేదాకా ఇంకో కటా లేదు. తెక్కి అనే 3 కటాలు నేర్చుకోవడానికే ఆయనకు 10 ఏళ్ళు పట్టింది. మనం 2 నెలలకే విసుక్కుంటున్నాం. ఆయన కూడా విసుక్కున్నారంట. సిగ్గేసిందంట, కోపమొచ్చిందంట. అయినా రాత్రి కాగానే లాంతరు తీసుకొని పోయినారు.

అట్ల చేస్తా చేస్తా ఆయన ఒళ్ళు గట్టిపడింది. చిన్నప్పటి జబ్బులు పోయినాయి. బతకడనుకున్న పిల్లోడు 88 ఏళ్ళు బతికినాడు.

ఆయన డాక్టరు కావాలనుకున్నారు. పరీక్ష కూడా పాసైనారు. కానీ అప్పటి ప్రభుత్వం మగవాళ్ళు నెత్తిన జుట్టుముడి తీసేయాలని చెప్పింది. ఒకినావాలో పెద్ద కుటుంబాలకు ఆ ముడి అంటే పరువు. ఇంట్లో ఒప్పుకోలేదు. డాక్టరు చదువు అక్కడే ఆగిపోయింది. తర్వాత 1888లో ఆయన టీచరు ఉద్యోగంలో చేరి ముడి కత్తిరించుకున్నారు. అది చూసి నాయన కోప్పడినారంట, అమ్మ మాట్లాడకుండా మొహం తిప్పుకొని పుట్టింటికి వెళ్ళిపోయిందంట. ఒక చదువు పోయినా ఇంకో చదువును పట్టుకొని 30 ఏళ్ళకు పైగా పిల్లలకు పాఠాలు చెప్పినారు.

ఇక్కడ ఆయన భార్య గురించి రాయాల. టీచరు జీతం మొదట్లో నెలకు 3 యెన్లు. ఇంట్లో 10 మంది. ఆమె చేను పని చేసి, మగ్గం నేసి ఇల్లు గడిపింది. పగలంతా పని చేసి అలసిపోయినప్పుడు పడుకోకుండా బయటికి వచ్చి కటా చేసేదంట. చూసి చూసి, చేసి చేసి ఆమె కూడా బాగా నేర్చుకుంది. ఆమెకు పరీక్ష పెట్టినవాళ్ళు లేరు, బెల్టు కట్టినవాళ్ళు లేరు. ఊర్లో ఎవరైనా తాగి కొట్లాడుకుంటుంటే ఆమె పోయి సర్దిచెప్పేది. ఆడపిల్లలకు ఇవన్నీ ఎందుకని మన ఇళ్ళల్లో అంటారు కదా, వాళ్ళకు ఈమె సంగతి చెప్పండి.

1900 తర్వాత ఇతోసు గారి పట్టుదల వల్ల ఒకినావా బళ్ళల్లో కరాటే నేర్పడం మొదలైంది. రాత్రి పెరట్లో దాగిన విద్య పగలు బడి మైదానంలోకి వచ్చింది. 1922లో జపాన్ రాజధాని టోక్యోలో విద్యాశాఖవాళ్ళు వ్యాయామ ప్రదర్శన పెట్టినారు. ఒకినావా తరపున ఫునకోషిని పంపినారు. అప్పటికి ఆయనకు 53 ఏళ్ళు. కొన్ని రోజులుండి తిరిగి వద్దామని పోయినారు. కానీ జూడోను స్థాపించిన జిగోరో కానో గారు ఆయన్ను పిలిపించి కొడోకాన్ అనే తమ శిక్షణాలయంలో కరాటే చేయించుకొని చూసినారు. ఇంకా చాలామంది నేర్పమని అడిగినారు. ఆయన అక్కడే ఉండిపోయినారు.

ఉండడం యాడ అనుకున్నారు? హాస్టల్లో! ఒకినావా నుంచి టోక్యోకు చదువుకోవడానికి వచ్చిన పిల్లల కోసం మెయిసెయ్ జుకు అనే హాస్టలు ఉండేది. అందులో చిన్న గది ఇచ్చినారు. పగలు పిల్లలు బడికి పోయినాక ఆయన ఆవరణ ఊడ్చేవారు, చెట్లకు పని చేసేవారు, కాపలా కాసేవారు. సాయంత్రం అక్కడి హాల్లో కరాటే నేర్పేవారు. డబ్బులు ఉండేవి కావు. హాస్టలు వంటాయనకు కరాటే నేర్పి, దానికి బదులు తన భోజనం బిల్లులో కొంత తగ్గించుకున్నారు. ఒకసారి ఆయన ఊడుస్తుండగా పత్రిక నుంచి ఒకాయన వచ్చి ఫునకోషి గారు యాడ ఉన్నారని అడిగినాడు. ఈయన చీపురు పెట్టి, లోపలికి పోయి బట్టలు మార్చుకొని వచ్చి, నేనేనని నమస్కారం పెట్టినారు. వచ్చినాయన నోరు తెరిచినాడంట. ఇంకోసారి డబ్బు లేక పాత టోపీ, ఒకినావా నేత బట్టలు కుదువ పెట్టడానికి పోయినారు. అవి బాగా పాతవి. అయినా కొట్టులో మనిషి అనుకున్న దానికంటే ఎక్కువ డబ్బు ఇచ్చినాడు. ఎందుకో తర్వాత తెలిసింది. ఆ మనిషి తమ్ముడు ఈయన దగ్గర కరాటే నేర్చుకుంటున్నాడు.

1923 సెప్టెంబరు 1వ తేదీన టోక్యోలో పెద్ద భూకంపం వచ్చింది. ఊరంతా తగలబడింది. ఆయన శిష్యుల్లో కొందరు పోయినారు. ఆయన రాసిన కరాటే పుస్తకం అచ్చు పలకలు కాలిపోయినాయి. బతకడానికి ఆయన ఒక బ్యాంకులో స్టెన్సిళ్ళు రాసే పనికి పోయినారు. కరాటే మాత్రం ఆపలేదు. పుస్తకాన్ని మళ్ళా రాసినారు.

ఇప్పుడు అసలు సంగతికి వస్తున్నాను. కరాటేలో మొదట బెల్టులే లేవు. ఆ పద్ధతి కానో గారు జూడోలో పెట్టింది. దాన్ని ఫునకోషి కరాటేలోకి తెచ్చినారు. 1924 ఏప్రిల్‌లో తన శిష్యులు 7 మందికి మొట్టమొదటి నల్ల బెల్టు స్థాయి ఇచ్చినారు. ఇచ్చినాయన మాత్రం చిన్నప్పటి నుంచి అప్పటిదాకా ఏ బెల్టు పరీక్షా రాయకుండానే నేర్చుకున్నారు. లాంతరు పట్టుకొని పోయిన ఆ రాత్రుళ్ళలో ఆయన నడుముకు ఏ రంగూ లేదు. ఇంకో సంగతి, నల్ల బెల్టు మొదటి స్థాయిని జపాన్ భాషలో షోదాన్ అంటారు. దాని అర్థం మొదటి మెట్టు. నేను ఇన్నాళ్ళూ అది చివరి మెట్టు అనుకున్నాను.

కరాటే అనే పేరు రాసే తీరు కూడా ఆయన మార్చినారు. అంతకు ముందు చైనా చేయి అనే అర్థం వచ్చే అక్షరాలతో రాసేవాళ్ళు. ఆయన ఖాళీ చేయి అనే అర్థం వచ్చేటట్టు రాసినారు. పలకడం అదే, అర్థం వేరే. చేతిలో ఆయుధం ఉండకూడదు, మనసులో చెడు ఉండకూడదు, మనమే ముందు దెబ్బ వేయకూడదు అని ఆయన నేర్పినారు.

1930లలో శిష్యులంతా చందాలు వేసుకొని ఆయనకు ఒక శిక్షణాలయం కట్టించినారు. దాని పేరు షోటోకాన్. షోటో అంటే దేవదారు లాంటి పైన్ చెట్లలో గాలి వీచే సవ్వడి. అది ఆయన కవితలు రాసేటప్పుడు పెట్టుకున్న పేరు. 1945లో రెండో ప్రపంచ యుద్ధంలో బాంబులు పడి ఆ శిక్షణాలయం కాలిపోయింది. ఆ కష్టకాలంలోనే ఆయన కొడుకు యోషితాకా క్షయ వ్యాధితో చనిపోయినారు. అదే ఏడాది ఒకినావాలో ఘోరమైన యుద్ధం జరిగి షురి కోట నేలమట్టమైంది. శానా ఏళ్ళు ఒకినావాలోనే ఉండి పెద్దల సమాధులు చూసుకున్న భార్య, యుద్ధం వల్ల ఊరు వదిలి వచ్చి 1947లో కన్నుమూసింది. అప్పటికి ఆయనకు 78 ఏళ్ళు. ఇల్లు పోయె, కొడుకు పోయె, భార్య పోయె. అయినా ముసలాయన మళ్ళా టోక్యో వచ్చి నేర్పడం మొదలుపెట్టినారు. 1957 ఏప్రిల్ 26వ తేదీన మరణించారు.

2021లో టోక్యోలో జరిగిన ఒలింపిక్స్‌లో మొదటిసారి కరాటే పెట్టినారు. మగవాళ్ళ కటా పోటీలో బంగారు పతకం వచ్చింది ఒకినావా ఆయనకే. పేరు ర్యో కియునా. పెరట్లో దాచుకొని నేర్చిన విద్య అంతదూరం పోయింది.

స్నేహితులారా, నల్ల బెల్టు వద్దని నేను చెప్పడం లేదు. నాకూ కావాల. డబ్బు చేతికి వచ్చిన ఏడు నేను కూడా పరీక్షకు పేరు ఇస్తాను. కానీ అంతవరకు పొద్దున 5 గంటలకు లేవడానికి ఫీజు లేదు. మైదానంలో రెండో వరసలో రెండు చోట్లు ఖాళీగా ఉన్నాయి. ఆ ఇద్దరూ ఇది చదివితే రేపు పొద్దున వచ్చి నిలబడండి. బెల్టు లేదని ఎవరూ ఏమీ అనరు, నాకూ లేదు.

వార్డెన్ మేడం గారికి ఒక మనవి. సాయంత్రం స్టడీ అవర్ అయినాక అన్నం బెల్లు కొట్టేదాకా భోజనాల హాలు వరండాలో లైటు వేయించితే మేము కటా చేసుకుంటాం. కరెంటు పోతే లాంతరు వెలుతురులోనైనా చేసుకుంటాం.

ఇట్లు,
9వ తరగతి విద్యార్థిని, రాప్తాడు