మంచు మైదానంలో మెరుపు, ఓడరేవులో కాపలా

కెనడాలో ఐస్ హాకీ ఇంకా ఉపాధిగా స్థిరపడని రోజుల్లో ఫ్రెడ్ ‘సైక్లోన్’ టేలర్ పెద్ద తార. అతని జీవితాన్ని మనం గోల్స్ లెక్కతోనే ముగించలేం.

ఒంటారియోలోని లిస్టోవెల్‌లో పెరిగిన టేలర్ చదువు మాని పియానో ఫ్యాక్టరీలో పనికి కుదిరాడు. టొరంటో జట్టుకు ఆడనన్నందుకు ప్రాంతీయ హాకీ సంఘం అతన్ని ఒక సీజన్ ఆటకు దూరం పెట్టింది. డబ్బు తీసుకుని ఆడటాన్ని ఆ సంఘం తప్పుగా చూసేది. కలిగినవాళ్లకు ఆ నియమంతో ఇబ్బంది లేదు; రెక్కల కష్టం మీద బతికేవాళ్లకే నష్టం. 1906లో టేలర్ సరిహద్దు దాటి అమెరికాలోని హౌటన్‌లో జీతానికి ఆడాడు. కూలికోసం దేశం దాటిన అతన్ని ఎవరూ ఆపలేదు.

తర్వాత ఒట్టావా జట్టు అతనికి ఆటతోపాటు ఇమ్మిగ్రేషన్ శాఖలో ఉద్యోగమూ చూపించింది. 1909లో ఆ జట్టు స్టాన్లీ కప్ గెలిచింది. మరుసటి సీజన్‌లో 12 మ్యాచ్‌లకు రెన్‌ఫ్రూ జట్టు 5,250 డాలర్లు ఇచ్చింది. 1912లో వాంకూవర్ చేరాడు. అక్కడా ఇమ్మిగ్రేషన్ ఉద్యోగమే.

1914 మే 23న కొమగతా మారు ఓడ 376 మంది భారతీయులతో ఆ రేవుకు వచ్చింది. వారిలో అత్యధికులు సిక్కులు. ఓడెక్కిన తొలి అధికారుల్లో టేలర్ ఒకడు. పుట్టిన దేశం నుంచి మధ్యలో ఆగకుండా నేరుగా రావాలన్నది 1908 నాటి నిబంధన. అందులో జాతి మాట లేదు. కానీ భారత్ నుంచి అలాంటి నేరు ప్రయాణమే అందుబాటులో లేదు. పేరు చెప్పకుండానే వెలివేసే నియమాలు మనకు కొత్తవి కావు. రెండు నెలల తర్వాత, కొద్దిమందిని తప్ప అందరినీ వెనక్కి పంపారు. కలకత్తా దగ్గరి బజ్‌బజ్‌లో పోలీసు కాల్పులకు పలువురు బలయ్యారు.

మరుసటి ఏడాది టేలర్ జట్టు స్టాన్లీ కప్ గెలిచింది. ఉద్యోగంలో అతను బ్రిటిష్ కొలంబియా, యూకాన్ ప్రాంతాల ఇమ్మిగ్రేషన్ కమిషనర్ దాకా ఎదిగాడు. 1947లో హాకీ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చోటు దక్కింది. 1979లో మరణించాడు.

కొమగతా మారు నాటికి అమెరికాలో గదర్ ఉద్యమంలో ఉన్న దళితుడు మంగూరామ్ పంజాబ్‌కు తిరిగొచ్చి, 1926లో ఆది ధర్మ ఉద్యమానికి నాయకత్వం వహించాడు. పరాయి గడ్డపై వర్ణ వివక్ష, సొంత ఊళ్లో కులం: ఆ తరం దళితులు రెంటితోనూ పోరాడాల్సి వచ్చింది.

టేలర్ ఆ చట్టం రాయలేదు, అమలు చేశాడు. వివక్ష నడవడానికి అంతా దుర్మార్గులే కానక్కర్లేదు. ఇచ్చిన పని చక్కగా చేసే ఉద్యోగులు చాలు. అందుకే క్రీడా చరిత్రనూ వలస చరిత్రనూ మనం కలిపి చదవాలి.