పసుప్పచ్చ మందు

పోయినేడు మా వదినకి మెడ పక్కన గడ్డ లేచింది. నొప్పి లేదు గదా అని మూడు నెలలు ఊరుకున్నాం. దౌల్తాబాద్ నుంచి పట్నం ఆసుపత్రికి పోవాలంటే తెల్లవారకముందే బస్సెక్కాలి, ఇంట్లో పనులు ఎవరు చూస్తారు అని వాయిదా వేశాం. తప్పు మాదే. ముక్క తీసి పరీక్ష చేస్తే లింఫోమా అన్నారు.

సెలైన్‌లో ఎక్కించే మందులు కాక, మెదడుకి పాకే భయం ఉన్న కొందరికి వెన్నులో కూడా సూది వేస్తారట. ఆ మందు పసుప్పచ్చగా ఉంది. పేరడిగితే మెథోట్రెక్సేట్ అంది నర్సమ్మ. నాకు ఒళ్ళు జలదరించింది. డిగ్రీలో చదివిన పేరు! మన భీమవరం బిడ్డ యల్లాప్రగడ సుబ్బారావు గారి మందు.

1895 జనవరి 12న పుట్టాడాయన. చిన్నప్పుడు చదువుకంటే డబ్బు మీదే ధ్యాస. కాశీలో అరటిపళ్ళు అమ్ముకుందామని పారిపోబోతే తల్లి వెంకమ్మ పట్టి తెచ్చింది. మెట్రిక్ మూడోసారికి గట్టెక్కాడు. మద్రాసులో వైద్యం చదివేటప్పుడు ఖద్దరు వేసుకున్నందుకు ఇంగ్లీషు ప్రొఫెసర్‌కి కోపమొచ్చి, ఎం.బి.బి.ఎస్. బదులు ఎల్.ఎం.ఎస్. పట్టాతో సరిపెట్టారు. ఇద్దరు అన్నదమ్ములు స్ప్రూ అనే విరేచనాల జబ్బుతో ఎనిమిది రోజుల తేడాలో పోయారు. ఆ దెబ్బ ఆయన్ని జీవితాంతం వదల్లేదని నా నమ్మకం.

1919లో శేషగిరిని పెళ్ళాడాడు. తర్వాత మామగారి సాయం, కాకినాడ సత్యలింగ నాయకర్ ధర్మనిధి సొమ్ముతో బోస్టన్ ఓడెక్కాడు. అక్కడ పగలు హార్వర్డ్‌లో చదువు, రాత్రి ఆసుపత్రిలో చిల్లర పని. ఫిస్క్ అనే ఆయనతో కలిసి రక్తంలో ఫాస్ఫరస్ కొలిచే పద్ధతి కనిపెట్టాడు. ఒంట్లోని ప్రతి కణానికీ శక్తినిచ్చే ఏటీపీ సంగతి 1929లో బయటపెట్టారు. అయినా హార్వర్డ్ ఆయనకి స్థిరమైన ఉద్యోగం ఇవ్వలేదు. 1940లో లెడర్లీ మందుల కంపెనీకి వెళ్ళిపోయాడు.

అక్కడ ఆయన బృందం ఫోలిక్ యాసిడ్ తయారు చేసింది. గర్భిణులకిచ్చే ఐరన్ మాత్రలో కలిసుండేది అదే. అన్నదమ్ముల్ని మింగిన స్ప్రూకీ అదే మందయింది, కాకపోతే చాలా ఆలస్యంగా. ఫైలేరియాకిచ్చే హెట్రజాన్ కూడా ఆయన ప్రయోగశాలదే.

కణం పెరిగి రెండు కావాలంటే ఫోలిక్ యాసిడ్ కావాలి. క్యాన్సర్ కణం మరీ గబగబా పెరుగుతుంది. అచ్చం ఫోలిక్ యాసిడ్‌లా కనిపించే దొంగ పదార్థాన్ని పంపిస్తే? దొంగ తాళంచెవి తాళంలో ఇరుక్కుపోయినట్టు కణం పని ఆగిపోతుంది. సుబ్బారావు బృందం తయారు చేసిన అలాంటి మందుని బోస్టన్‌లో డాక్టర్ ఫార్బర్ రక్త క్యాన్సర్ పిల్లలకిచ్చారు. 16 మందిలో 10 మంది కొన్నాళ్ళపాటు తేరుకున్నారని 1948 జూన్‌లో ప్రకటించారు. అంతకుముందు ఆ పిల్లలకి మందే లేదు. దానికి తోబుట్టువే ఈ మెథోట్రెక్సేట్. 1960లలో ఆఫ్రికాలో బర్కిట్ అనే డాక్టరు లింఫోమాతో దవడలు వాచిన పిల్లలకిస్తే కొందరికి గడ్డలు కరిగిపోయాయి. ఆ సంగతి వినడానికి సుబ్బారావు లేడు. 1948 ఆగస్టులో న్యూయార్క్‌లో నిద్రలోనే గుండె ఆగింది. 53 ఏళ్ళు.

ఇప్పుడు కొత్త మందులు చాలా వచ్చాయి. 1997 నుంచి వాడుతున్న రిటుక్సిమాబ్ చెడ్డ కణాల్ని వెతికి పట్టుకుంటుంది. రోగి రక్తకణాలకే తర్ఫీదిచ్చి ఎక్కించే కార్-టి చికిత్స ఐఐటీ బాంబే, టాటా మెమోరియల్ వాళ్ళ కృషితో 2023లో మన దేశంలోనే తయారైంది. ఖర్చు మాత్రం ఇంకా లక్షల్లోనే. మాలాంటి వాళ్ళకి ఆరోగ్యశ్రీయే దిక్కు. హైదరాబాద్ రెడ్‌హిల్స్‌లో ఎం.ఎన్.జె. సర్కారు క్యాన్సర్ ఆసుపత్రి ఉంది. ఇన్ని వచ్చినా ఆ పసుప్పచ్చ సూది మాత్రం పక్కకి పోలేదు.

ఇదంతా వదినకి బస్సులో చెప్పాను. ఏటీపీ, ఫోలిక్ యాసిడ్ అంటే ఊఁ కొట్టింది. పెళ్ళాం మాటొచ్చేసరికి నిటారుగా కూర్చుంది. మళ్ళీ వచ్చాడా అనడిగింది. రాలేదన్నాను. కొడుకు పసితనంలోనే పోయాడు, శేషగిరి ఎదురుచూస్తూ ఇక్కడే ఉండిపోయింది. ఎంత గొప్పవాడైనా ఆ ఒక్క విషయంలో నేను ఆయన్ని క్షమించలేను. వదిన మాత్రం ఏమీ అనలేదు. కొడంగల్ దాకా కిటికీలోంచి కంది చేలు చూస్తూ కూర్చుంది. తర్వాత, మళ్ళీ సూది ఎప్పుడని అడిగింది.