లాక్స్ కుటుంబాన్ని ఎవరూ అడగలేదు

హెన్రియెట్టా లాక్స్ పేరు విన్నవాళ్లకు ఆమె కణాల సంగతి తెలుసు. ఆమె పెద్ద కూతురు ఎల్సీ సంగతి తెలిసినవాళ్లు తక్కువ. తల్లి శరీరం నుంచి తీసిన కణాలు ప్రపంచమంతటా ల్యాబుల్లో ఇప్పటికీ పెరుగుతున్నాయి. మాట్లాడలేని, వినలేని కూతురు పదిహేనేళ్ల వయసులో ప్రభుత్వ ఆస్పత్రిలో చనిపోయింది. వైద్య పరిశోధన పేదవాళ్ల శరీరాలను ఎలా వాడుకుందో తెలియాలంటే ఈ తల్లీకూతుళ్ల జీవితాలను కలిపి చదవాలి.

హెన్రియెట్టా 1920 ఆగస్టు 1న అమెరికాలోని వర్జీనియా రాష్ట్రం, రోనోక్‌లో పుట్టారు. నాలుగేళ్ల వయసులో తల్లి పోయింది. క్లోవర్ అనే పల్లెలో తాత దగ్గర పెరిగారు. ఒకప్పుడు బానిసలు ఉన్న చెక్క ఇల్లే వాళ్ల ఇల్లు. చిన్నప్పటి నుంచీ పొగాకు చేలల్లో పని. బంధువైన డేవిడ్ లాక్స్‌ను 1941లో పెళ్లాడారు. అప్పటికే వాళ్లకు ఇద్దరు పిల్లలు: లారెన్స్, 1939లో పుట్టిన ఎల్సీ. ఉక్కు ఫ్యాక్టరీలో పని దొరకడంతో కుటుంబం మేరీలాండ్‌లోని బాల్టిమోర్ దగ్గరకు వలస వచ్చింది. అక్కడ మరో ముగ్గురు పుట్టారు.

ఎల్సీకి మూర్ఛ వచ్చేది. మాట రాదు, వినపడదు. కూలి డబ్బుతో బతికే ఇంట్లో, వరసగా పుట్టిన చంటిపిల్లల మధ్య, ఆమెను చూసుకోవడం కష్టమైంది. నల్లజాతి కుటుంబానికి ఉన్న దారి ఒక్కటే: క్రౌన్స్‌విల్ ఆస్పత్రి. 1911లో నల్లజాతి మానసిక రోగుల కోసం ప్రత్యేకంగా పెట్టిన ఆస్పత్రి అది. దాన్ని కట్టడానికి చాకిరీ చేసిందీ రోగులే. 1950 ప్రాంతంలో ఎల్సీని అక్కడ చేర్చారు. ఆ ఎడబాటు హెన్రియెట్టాను కుంగదీసింది. ఒంట్లో ఓపిక ఉన్నన్నాళ్లూ వారం వారం వెళ్లి కూతురిని చూసి వచ్చేవారు.

1951 జనవరి చివర్లో హెన్రియెట్టా జాన్స్ హాప్కిన్స్ ఆస్పత్రికి వెళ్లారు. ఆ చుట్టుపక్కల నల్లజాతి పేదలకు వైద్యం చేసే పెద్దాస్పత్రి అదొక్కటే. అందులోనూ వాళ్లకు వేరే వార్డులు. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ అని తేలింది. చికిత్సకు ఆమె సంతకం చేశారు. మత్తులో ఉండగా కణితి నుంచి ఒక ముక్క తీసి పరిశోధన కోసం జార్జ్ గై ల్యాబుకు పంపారు. ఆ సంగతి ఆమెకు చెప్పలేదు. అలా చెప్పాలన్న చట్టం ఆనాడు లేదు. ఉచిత వార్డు రోగులను పరిశోధనకు వాడుకోవచ్చని చాలామంది డాక్టర్లు అనుకునే కాలం అది.

అప్పటిదాకా మనిషి కణాలు ల్యాబులో కొన్నాళ్లకే చచ్చిపోయేవి. ఇవి మాత్రం రోజుకు దాదాపు రెట్టింపయ్యాయి. ఆమె పేరులోని మొదటి అక్షరాలతో వీటిని హీలా కణాలన్నారు. హెన్రియెట్టా మాత్రం ఆ ఏడాది అక్టోబర్ 4న 31 ఏళ్ల వయసులో చనిపోయారు. క్లోవర్‌లో ఆమె సమాధికి 2010 దాకా రాయి కూడా లేదు.

1953లో టస్కిగీ ఇన్‌స్టిట్యూట్‌లో హీలా కణాల ఉత్పత్తి కేంద్రం పెట్టారు. నల్లజాతి శాస్త్రవేత్తలు, టెక్నీషియన్లు అక్కడ పనిచేశారు. పోలియో టీకా పరీక్షల కోసం వారానికి వేల ట్యూబుల కణాలు అక్కడి నుంచి వెళ్లేవి. అదే టస్కిగీలో సిఫిలిస్ ఉన్న 399 మంది నల్లజాతి పురుషులకు రోగం సంగతి చెప్పకుండా, మందు ఇవ్వకుండా, 1932 నుంచి 1972 దాకా ప్రభుత్వ డాక్టర్లు గమనిస్తూ కూర్చున్నారు.

పోలియో టీకా లక్షలాది పిల్లలకు వైకల్యం రాకుండా కాపాడింది. అందుకు తోడ్పడిన కణాలు ఇచ్చిన తల్లి బిడ్డ అప్పుడు వైకల్యం కారణంగానే క్రౌన్స్‌విల్‌లో ఉంది. తల్లి పోయాక ఆమెను చూడటానికి వచ్చేవాళ్లు దాదాపు లేరు. ఆస్పత్రి కిక్కిరిసిపోయింది. ఆ రోజుల్లో అక్కడ మూర్ఛ రోగుల మీద ఒక పరిశోధన జరిగింది. పుర్రెలో మెదడు చుట్టూ ఉండే ద్రవాన్ని తీసేసి, గాలి ఎక్కించి, ఎక్స్‌రేలు తీసేవారు. నెలల తరబడి తలనొప్పి, వాంతులు. మెదడు దెబ్బతినే ప్రమాదమూ ఉంది. రోగుల నుంచి గానీ కుటుంబాల నుంచి గానీ అనుమతి తీసుకున్న ఆధారం లేదు. అందులో ఎల్సీని కూడా చేర్చారని చెప్పే కాగితం దొరకలేదు. ఆమె రోగమూ, ఆమె ఉన్న కాలమూ మాత్రం సరిపోతాయి. ఎల్సీ 1955లో చనిపోయింది.

మిగతా పిల్లలకు తల్లి కణాల సంగతి తెలిసింది 1973లో. ఆ ఏడాదే హాప్కిన్స్ పరిశోధకులు వచ్చి కుటుంబ సభ్యుల రక్తం తీసుకున్నారు. ఇతర కణాల్లో హీలా కణాలు కలిసిపోతుంటే, వాటిని గుర్తుపట్టడానికి ఆ రక్తం కావాల్సి వచ్చింది. తమకు క్యాన్సర్ ఉందేమో చూస్తున్నారని కుటుంబం అనుకుంది. చిన్న కూతురు డెబోరా ఫలితం కోసం భయం భయంగా ఎదురుచూసింది. ఆమెకూ చిన్నప్పటి నుంచి వినికిడి లోపం. బడిలో పాఠం సరిగా వినపడక చదువు కుంటుపడింది. కంపెనీలు హీలా కణాలు అమ్ముకుంటున్న రోజుల్లో ఈ కుటుంబంలో కొందరికి ఆరోగ్య బీమా కూడా లేదు.

2013లో హీలా జన్యుక్రమాన్ని మళ్లీ అడగకుండానే బయటపెట్టారు. కుటుంబం అభ్యంతరం చెప్పింది. అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థ వాళ్లతో ఒప్పందానికి వచ్చింది. ఆ సమాచారం ఎవరికివ్వాలో చూసే కమిటీలో కుటుంబ సభ్యులు ఇద్దరికి చోటు దక్కింది. పరిశోధన ఆపమని వాళ్లు కోరలేదు. తమకు చెప్పమన్నారు, నిర్ణయంలో భాగం ఇవ్వమన్నారు. 2023లో థర్మో ఫిషర్ కంపెనీ కూడా ఈ కుటుంబంతో రాజీ చేసుకుంది.

ఈ కథ మన గడప దాకా వచ్చింది. హెన్రియెట్టా క్యాన్సర్‌కు కారణం హెచ్‌పీవీ-18 వైరస్. హీలా కణాల్లోనూ ఆ వైరస్ ఉందని 1980లలో తేలింది. అలాంటి పరిశోధనల నుంచే హెచ్‌పీవీ టీకా వచ్చింది. 2009లో ఆ టీకాను పాత్ అనే అమెరికా సంస్థ ప్రాజెక్టు కింద ఖమ్మం జిల్లాలో సుమారు 14 వేల మంది బాలికలకు వేశారు. వాళ్లలో చాలామంది ఆదివాసీ, దళిత పిల్లలు. తల్లిదండ్రులు చేయాల్సిన సంతకాలు వేల పత్రాల మీద హాస్టల్ వార్డెన్లు చేశారు. కొందరు బాలికలు చనిపోయారు. ఆ మరణాలకు టీకా కారణం కాదని ప్రభుత్వ విచారణ చెప్పింది. అనుమతి తీసుకున్న తీరును మాత్రం 2013లో పార్లమెంటరీ స్థాయీ సంఘం తీవ్రంగా తప్పుపట్టింది. టీకా మంచిదే కావచ్చు. అయినా అమ్మానాన్నల తరఫున సంతకం పెట్టే హక్కు వార్డెన్‌కు ఎవరిచ్చారు?

ఇప్పుడు మన చేతిలో ఒక చట్టం ఉంది. 2016 వికలాంగుల హక్కుల చట్టం ఆరో సెక్షన్ ప్రకారం, వికలాంగులకు అర్థమయ్యే పద్ధతిలో చెప్పి, వాళ్లు ఇష్టపూర్వకంగా ఒప్పుకుంటేనే పరిశోధన చేయాలి. అంతకు ముందు ఒక కమిటీ అనుమతి ఉండాలి. ఆ కమిటీలో కనీసం సగం మంది వికలాంగులు గానీ, వాళ్ల సంఘాల సభ్యులు గానీ ఉండాలి.

మన వాడల్లో వైకల్యం ఉన్న బిడ్డ ఇంటికి రక్తం తీస్తామనో, ఉచిత పరీక్షలనో ఎవరైనా వస్తే కొన్ని మాటలు అడగాలి. ఇది వైద్యమా, పరిశోధనా? తీసింది ఎక్కడికి వెళ్తుంది? ఫలితం మాకు చెబుతారా? వద్దంటే మా బిడ్డకు అందే వైద్యం ఆగుతుందా? హాని జరిగితే ఎవరిది బాధ్యత? ఆ కమిటీ అనుమతి కాగితం ఏది? జవాబు తెలుగులో, చదువు రాని తల్లికి అర్థమయ్యేలా రావాలి. అంతవరకూ వేలిముద్ర వేయనక్కర్లేదు.