విలియం నాట్‌మన్

కెనడా దేశమున ఛాయాచిత్రకళకు గౌరవస్థానము సంపాదించిపెట్టినవారిలో విలియం నాట్‌మన్ అగ్రగణ్యుడు. ఆయన 1826 మార్చి 8వ తేదీన స్కాట్లండు దేశమందలి పెయిస్లీ పట్టణమున జన్మించెను. శాలువల నేతకు పేరెన్నికగన్న ఊరది. కుటుంబము గ్లాస్గో నగరమునకు తరలిన పిమ్మట నాట్‌మన్ చిత్రలేఖనము అభ్యసించెను. కాని జీవనోపాధికై తండ్రిగారి బట్టల వ్యాపారముననే ప్రవేశించెను. 1853లో వివాహమాడెను.

ఆ వ్యాపారమే ఆయనకు గండమయ్యెను. అమ్మకములు తగ్గెను, అప్పులు పెరిగెను. లావాదేవీలయందు అక్రమములు జరిగినవను అభియోగము నాట్‌మన్‌పై బడెను. స్వదేశమున తలయెత్తుకొని తిరుగు వీలులేక, 1856లో భార్యను, చిన్నారి కుమార్తెను వెనుక విడిచి, ముప్పది యేండ్ల ప్రాయమున అట్లాంటిక్ సముద్రము దాటి మాంట్రియల్ నగరము చేరెను.

అచ్చటను మొదట బట్టల దుకాణముననే కొలువు దొరకెను. చలికాలమున సెయింట్ లారెన్స్ నది గడ్డకట్టగా ఓడల రాకపోకలు నిలిచి వర్తకము మందగించెడిది. ఆ తీరిక కాలమున యజమానుల అనుమతి పొంది, తనకు అదివరకే అభ్యాసమున్న ఛాయాచిత్రకళను జీవికగా చేపట్టి, బ్లూరీ వీధిలో చిత్రశాల తెరచెను. ఆ సంవత్సరాంతమునకే భార్యాబిడ్డలు వచ్చి చేరిరి.

నాటి ఛాయాగ్రహణము మిక్కిలి శ్రమతో గూడినది. గాజు పలకపై కొలోడియన్ అను జిగురు ద్రవము పోసి, చీకటి గదిలో సిల్వరు నైట్రేటు ద్రావణమున ముంచి, తడి ఆరకమునుపే చిత్రము తీసి, వెంటనే మందులతో కడుగవలెను. తడి ఆరినచో పలక వ్యర్థమే. ఇట్టి సామగ్రితోనే ఆయన 1858 మొదలు సెయింట్ లారెన్స్ నదిపై కట్టుచుండిన విక్టోరియా రైలు వంతెనను చిత్రించెను. రాతి స్తంభములు, ఇనుప గొట్టములు, ఎత్తున నిలిచి పనిచేయు కూలీలు ఆ పలకలపై నిలిచిపోయిరి. 1860లో వంతెన ప్రారంభమునకు విచ్చేసిన వేల్సు యువరాజునకు ఈ చిత్రములను మేపుల్ కొయ్య పెట్టెలో నమర్చి కానుకగా నిచ్చిరి. విక్టోరియా రాణి వానిని మెచ్చుకొనెనని ప్రతీతి. రాణీగారి ఛాయాగ్రాహకుడను బిరుదును నాట్‌మన్ తన చిత్రశాల ద్వారముపై వ్రాయించుకొనెను.

తన కళయందు ఆయన యుక్తికి కొదువలేదు. 1866లో వేట దృశ్యములు తీయగోరి, చిత్రశాల లోపలనే ఉప్పు పరచి మంచు నేలగా చూపెను. 1870లో మాంట్రియల్‌లో జరిగిన స్కేటింగు ఉత్సవమునకు చెందిన చిత్రముకొరకు సుమారు 300 మందిని విడివిడిగా చిత్రించి, ఆ బొమ్మలను కత్తిరించి, రంగులతో వ్రాసిన పటముపై అతికించెను. చిత్రకారులను కొలువున చేర్చుకొని గౌరవించెను. 1860లో మాంట్రియల్ కళాసంఘమునకు పురుడు పోసినది ఆయన చిత్రశాలయే. 1874 నాటికి అచ్చట 55 మంది పనిచేయుచుండిరి. ఒట్టావా, టొరంటో, హాలిఫాక్సు, బోస్టను నగరములందును శాఖలు వెలసెను. 1876 ఫిలడెల్ఫియా ప్రదర్శనమునకు వచ్చిన ప్రదర్శకులకు, ముఖచిత్రము గల ప్రవేశపత్రములను తయారుచేయు ఏర్పాటు ఆయన సంస్థదే.

అయినను ఆయన చేసిన పనులలో గొప్పది మరొకటి కలదు. చిత్రశాలలో తీసిన ప్రతి చిత్రమునకు ఒక సంఖ్య నిచ్చి, ప్రతి నొకదానిని వరుసగా పెద్ద పుస్తకములందు అతికించి, క్రింద పేరు వ్రాయించెను. ప్రధానమంత్రి జాన్ మెక్‌డొనాల్డునకు సంఖ్యయే. పసిబిడ్డ నెత్తుకొన్న దాదికి సంఖ్యయే. 1885లో మాంట్రియల్‌కు వచ్చిన లకోటా నాయకుడు సిట్టింగ్ బుల్ రూపమును ఆ చిత్రశాలలో నిలిచినది. వర్తకుని లెక్కల అలవాటు ఈ విధముగ ఒక జాతి చరిత్రకు ఉపకరించెను.

1891 నవంబరు 25వ తేదీన న్యుమోనియా జ్వరముతో నాట్‌మన్ కన్నుమూసెను. కుమారులు సంస్థను నడపిరి; 1935లో అది పరుల చేతికి పోయెను. 1956లో మెక్‌గిల్ విశ్వవిద్యాలయము ఆ నిధిని సేకరించినది. లక్షలకొలది చిత్రములు మాంట్రియల్ నగరమందలి మెకార్డ్ ప్రదర్శనశాలలో నేటికిని భద్రముగ నున్నవి. తాత ముత్తాతల ముఖమెరుగనివారు ఆ పుస్తకముల పుటలు త్రిప్పి, పేరు పట్టుకొని రూపమును గుర్తింపవచ్చును.

తప్పుడు లెక్కల నింద మోసి స్వదేశము వీడినవాడు, పరదేశమున ముప్పది యైదేండ్లు తప్పులేని లెక్క వ్రాయించెను. గాజు పలకకంటె ఆ లెక్కయే గట్టిదయ్యెను. పేరులేని చిత్రము ఎంత అందమైనదైనను అనాథయే. పేరు, సంఖ్య, భద్రపరచు చోటు, ఈ మూడును గల చిత్రమునకు మరణము లేదు.