ఇటుకలు చేసిన బడి
(బుకర్ టి. వాషింగ్టన్ జీవితం)



బుకర్ టి. వాషింగ్టన్ 1856లో అమెరికాలోని వర్జీనియా రాష్ట్రంలో, ఒక పొగాకు తోటలో బానిసగా పుట్టాడు. తల్లి జేన్ ఆ తోట యజమానులకు వంట చేసేది. తండ్రి ఎవరో ఆయనకు తెలియదు. రాత్రిళ్ళు మట్టినేల మీద చిరుగు గుడ్డలు పరుచుకుని పిల్లలంతా పడుకునేవాళ్ళు. 1865లో బానిసత్వం పోయింది. కుటుంబం వెస్ట్ వర్జీనియాలోని మాల్డెన్ అనే ఊరికి చేరింది. అక్కడ ఉప్పు కొలుముల్లో పని, తర్వాత బొగ్గుగనిలో. ఉప్పు పీపాల మీద వేసే 18 అనే అంకె ఆయన మొట్టమొదట గుర్తుపట్టిన రాత. పగటిబడికి పోవాలంటే ముందు తెల్లవారుజామున కొలిమి దగ్గర పని ముగించాలి.

హాంప్టన్‌లో నల్లవాళ్ళకు ఒక హాస్టలు బడి ఉందని, డబ్బు లేనివాళ్ళు పనిచేసి చదువుకోవచ్చని గనిలో ఎవరో అనుకుంటుంటే విన్నాడు. 1872లో బయలుదేరాడు. దాదాపు 500 మైళ్ళు. దారిలో రిచ్‌మండ్ పట్నంలో చెక్క కాలిబాట కింద పడుకుని, ఓడలోంచి ఇనుము దించి, తిండి సంపాదించుకున్నాడు. హాంప్టన్‌లో ఆయనకు పెట్టిన ప్రవేశపరీక్ష ఏమిటో తెలుసా? ఒక గది ఊడవమన్నారు. మూడుసార్లు ఊడ్చాడు, నాలుగుసార్లు దుమ్ము తుడిచాడు. టీచరమ్మ చేతిరుమాలుతో గోడలూ బల్లలూ రుద్ది చూసి, చేర్చుకుంది. (మన వార్డెన్ గారు ఇది చదివితే మా డార్మిటరీకి రుమాలు తెస్తారేమోనని భయంగానే ఉంది.)

అసలు కథ 1881లో అలబామా రాష్ట్రంలోని టస్కెగీ అనే ఊళ్ళో మొదలైంది. అక్కడ లూయిస్ ఆడమ్స్ అని ఒకాయన ఉండేవాడు. ఆయనా మాజీ బానిసే. రేకుపని, చెప్పులు కుట్టడం, గుర్రపు జీనుపని అన్నీ వచ్చు. ఎన్నికల్లో తెల్లదొర ఒకాయన నల్లవాళ్ళ ఓట్ల కోసం వస్తే, మాకు బడి కావాలని అడిగాడు. ప్రభుత్వం ఏడాదికి 2,000 డాలర్లు ఇచ్చింది. అదీ జీతాలకే. స్థలానికీ భవనానికీ పైసా లేదు. ఆ బడి నడపడానికి వాషింగ్టన్‌ను పిలిచారు. చర్చి పక్కన పాడుపడిన గుడిసెలో 30 మందితో మొదలుపెట్టాడు. వాన వస్తే ఒక పెద్ద విద్యార్థి ఆయన నెత్తిన గొడుగు పట్టేవాడు, ఆయన మిగతావాళ్ళ పాఠం వినేవాడు.

ఊరి పక్కన 100 ఎకరాల పాత తోట 500 డాలర్లకు వచ్చింది. సగం హాంప్టన్ కోశాధికారి సొంతంగా అప్పిచ్చాడు. మిగతాది ఎవరిచ్చారు? ఆలివియా డేవిడ్సన్ అనే టీచరమ్మ ఇల్లిల్లూ తిరిగింది. నల్లవాళ్ళూ తెల్లవాళ్ళూ కూడా ఇచ్చారు. తర్వాత భవనానికి చందాలు అడిగినప్పుడు ఒకతను 12 మైళ్ళ దూరం నుంచి ఎద్దుబండి మీద పందిని తెచ్చి ఇచ్చాడు. భూమికి డబ్బు పోగుచేసేటప్పుడు దాదాపు డెబ్భై ఏళ్ళ ముసలమ్మ చింకిబట్టలతో కర్ర పొడుచుకుంటూ వచ్చి, ఆరు కోడిగుడ్లు పెట్టి పోయింది. అయిదు నెలల్లో భూమి మొత్తం బడిది అయింది.

ఆ భూమిలో తుప్పలు కొట్టమంటే విద్యార్థులకు నచ్చలేదు. మేం చదువుకోవడానికి వచ్చాం గాని గొడ్డలి పట్టడానికా అన్నారు. ఆయనే గొడ్డలి తీసుకుని ముందు నడిచాడు. తల్లిదండ్రులూ ఉత్తరాలు రాశారు, మా పిల్లలకు పుస్తకాలే చెప్పండి అని. నాకు వాళ్ళ మీద కోపం రాదు. మా నాయన కూడా అంతే. నా చేతిలో రంపం చూస్తే, కూలి తప్పించడానికే గదా నిన్ను అంత దూరం పంపింది అంటాడు.

ఇటుకల సంగతి వినండి. భవనం కట్టాలి, ఊళ్ళో ఇటుకల బట్టీ లేదు. మోకాలిలోతు బురదలో గంటలకొద్దీ నిలబడలేక కొందరు బడే మానేశారు. మొదటి బట్టీలో 25,000 ఇటుకలు పేర్చి కాల్చారు, పాడైపోయింది. మా ఊరివాళ్ళు బట్టీ పనికి పోతారు కాబట్టి నాకు తెలుసు, మంటకు దారి సరిగా లేకపోతే కొన్ని మాడిపోతాయి, కొన్ని పచ్చిగానే ఉంటాయి. రెండోదీ పాడైంది. మూడోది వారం రోజులు కాల్చాక, ఇంకొన్ని గంటల్లో అయిపోతుందనగా, అర్ధరాత్రి కూలిపోయింది. చేతిలో డబ్బు లేదు. ఆయన మాంట్గోమరీ పట్నం పోయి తన గడియారం 15 డాలర్లకు కుదువ పెట్టాడు. నాలుగో బట్టీ నిలబడింది. ఆ గడియారాన్ని మాత్రం విడిపించుకోలేకపోయాడు.

తర్వాత ఆ బడి అంటే గిట్టని తెల్లవాళ్ళు కూడా ఇటుకలు కొనడానికి వచ్చారు. ఒక్క సీజనులో 12 లక్షల ఇటుకలు చేసే స్థితికి వచ్చింది. వడ్రంగం, బండ్లు చేయడం, కుట్టుపని, పరుపులు కుట్టడం అన్నీ నేర్పారు.

అయితే ఆయన్ని మెచ్చుకోనివాళ్ళూ ఉన్నారు. అందులో పెద్దవాడు డుబోయిస్ అనే నల్లజాతి పండితుడు. ముందు చేతిపని నేర్చి సంపాదించుకోండి, ఓటు హక్కు గొడవ తర్వాత అన్నట్టు వాషింగ్టన్ 1895లో అట్లాంటాలో మాట్లాడాడు. దాన్ని డుబోయిస్ 1903లో గట్టిగా విమర్శించాడు. నల్లపిల్లలకు చేతిపనే చాలు అంటే, పెద్ద చదువుల తలుపు మూసుకుపోదా అన్నది ఆయన ప్రశ్న. నాకు ఇక్కడ డుబోయిస్ మాట న్యాయంగానే అనిపిస్తుంది. ఉలి పట్టినవాడు డాక్టరు కాకూడదని ఎవరు చెప్పారు? కాని ఓటు హక్కు కేసులకు వాషింగ్టనే రహస్యంగా డబ్బిచ్చాడని తర్వాత ఆయన ఉత్తరాల్లో బయటపడింది. మనిషిని ఒక్క ఉపన్యాసంతో కొలవలేం.

1912లో వ్యాపారి జూలియస్ రోజెన్‌వాల్డ్‌తో కలిసి పల్లెల్లో బడులు కట్టించడం మొదలుపెట్టాడు. షరతు ఏమంటే, ఊరివాళ్ళు కూడా డబ్బో, భూమో, కలపో, కష్టమో ఇవ్వాలి. ఆ బడుల నమూనాల్లో చేతిపనికి వేరే గది ఉండేది. 1932 నాటికి 15 రాష్ట్రాల్లో దాదాపు 5,000 కట్టారు. లెక్క చూస్తే రోజెన్‌వాల్డ్ ఇచ్చినదానికంటే నల్లజాతి పేదలు ఇచ్చిందే ఎక్కువ.

వాషింగ్టన్ అవన్నీ చూడలేదు. 1915 నవంబరు 14న టస్కెగీలోనే చనిపోయాడు, బడి ఆవరణలోనే సమాధి చేశారు. ఆయన కాపురమున్న ఇల్లు 1899లో కట్టింది. విద్యార్థులు చేసిన ఇటుకలతో విద్యార్థులే కట్టిన ఆ ఇల్లు ఇప్పటికీ అక్కడే ఉంది.